సంక్రాంతికి బాయికాడి చుట్టాలింటికి: పసులు, పిల్లలు, పాల టైము

మీరు అడిగింది ఇది. సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి నర్సంపేట పక్కన మీ చిన్నమ్మ వాళ్ల బాయికాడికి ఐదు రోజులు పోతున్నారు. మీరిద్దరు, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప, షుగరున్న అత్తమ్మ. అక్కడ ఐదు బర్రెలు, ఒక జెర్సీ ఆవు, ముప్పై దాకా గొర్రెలు, నాటుకోళ్లు, ఒక కుక్క ఉన్నాయి. ఏం తీసుకుపోవాలి, పిల్లల విషయంలో ఏం చూసుకోవాలి, వాళ్లకు భారం కాకుండా ఎట్లా ఉండాలి అన్నారు. మీరు చివర అడిగిన దాంతోనే మొదలుపెడతాను. అది కుదిరితే మిగతా రెండూ సగం తేలికవుతాయి.

పసులున్న ఇంటికి పండుగ సెలవు లేదు. భోగినాడైనా కనుమనాడైనా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పెండ తీయాలి, దాణా పెట్టాలి, పాలు పిండాలి. ఆరు, ఏడు గంటల మధ్య పాలకేంద్రంలో పోయాలి. కేంద్రం మూసే టైము దాటితే ఆ పూట పాలు ఇంట్లోనే మిగులుతాయి. గొర్రెలను తొమ్మిది దాటాక, గడ్డి మీది మంచు ఆరాకే తోలుతారు. తడి గడ్డి మొనల మీద కడుపు పురుగుల పిల్లలు ఎక్కువుంటాయి కాబట్టి ఇది బద్ధకంతో చేసే ఆలస్యం కాదు. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు మళ్లీ కొట్టం పని మొదలైతే చీకటిపడేదాకా తెమలదు. అందుకే మీరు చేరే టైము పదకొండుకు, మూడుకు మధ్య ఉండేట్టు బయలుదేరండి. సాయంత్రం ఐదుకు కారు వచ్చి ఆగిందంటే చిన్నమ్మ చేతిలో పాలగిన్నె పట్టుకుని మీకు నీళ్లివ్వాలా, బర్రె కింద కూర్చోవాలా అని సతమతమవుతుంది. చీకట్లో ప్రయాణానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. జనవరిలో పత్తి, మిర్చి ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా రోడ్ల మీద తిరుగుతాయి, తెల్లారేసరికి మంచు కమ్ముతుంది.

వచ్చిన రోజు సాయంత్రం, మరుసటి పొద్దున పాలు పిండేటప్పుడు కొట్టంలోకి ఎవరూ పోవద్దు. మర్యాద కోసం చెప్తున్న మాట కాదిది. బర్రెకు పొదుగు అడుగున ముందే దిగి ఉండే పాలు చాలా తక్కువ. దాదాపు అన్నీ పైభాగంలోనే ఉండి, అది చేపినప్పుడే కిందికి వస్తాయి. దూడ మూతి తగిలినా, అలవాటైన చెయ్యి తగిలినా మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై పాలు దిగుతాయి, ఆ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. కొత్త మనుషులు, సెంటు వాసన, ఫోను లైటు, పిల్లల అరుపుతో బర్రె బెదిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఆ పనిని ఆపేస్తుంది. పాలు ఎగబెడుతుంది. చివరి పాలలోనే వెన్న ఎక్కువ కాబట్టి అవి లోపలే మిగిలితే కొలతా తగ్గుతుంది, వెన్న శాతమూ తగ్గుతుంది, రేటు ఆ శాతం మీదే కడతారు. రోజూ పూర్తిగా పిండకపోతే పొదుగు వాపుకు దారి తీస్తుంది. రెండో రోజు సాయంత్రం నుంచి పిల్లలను ఒక్కొక్కరిగా, చిన్నమ్మ చూపించిన చోట, ఆమె పాత చీరో తువ్వాలో భుజాన కప్పుకుని నిలబడనివ్వండి. వాసన పరిచయమైతే బర్రె త్వరగా కుదురుకుంటుంది.

పాల లెక్క కూడా చూడండి. ఐదు బర్రెలున్న ఇంట్లో సాధారణంగా రెండు మూడే పాలమీద ఉంటాయి, మిగతావి చూడివో వట్టిపోయినవో. పూటకు రెండు మూడు లీటర్ల చొప్పున ఇంటికి రోజుకు పది, పదిహేను లీటర్లు. చాయకు, పెరుగుకు, పిల్లలకు కలిపి మీ ఐదుగురికే రోజుకు రెండున్నర, మూడు లీటర్లు పడతాయి. వాళ్ల పాల పైసల్లో ఐదో వంతు మీ గ్లాసుల్లోకి వస్తున్నట్టు. పైసలిస్తే చిన్నమ్మ తీసుకోదు, బాధపడుతుంది కూడా. అందుకే మిఠాయి డబ్బాలకు బదులు ఒక యాభై కిలోల దాణా బస్తా కొనుక్కుని పోండి. ముందే ఫోన్ చేసి ఇప్పుడు ఏ దాణా పెడుతున్నారో అడిగి అదే నర్సంపేటలో తీసుకోండి. దాణా మార్చాలంటే వారం, పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి, మీరు తెచ్చిన కొత్త రకం ఒక్కసారి పోస్తే పారుడు పట్టుకుంటుంది. దాంతో పాటు ఐదు కిలోల ఖనిజ లవణ మిశ్రమం తీసుకుపోతే రోజుకు బర్రెకు యాభై గ్రాముల లెక్కన ఐదింటికి ఇరవై రోజులొస్తుంది. చాలా ఇళ్లలో దీన్ని కొనడమే వాయిదా వేస్తుంటారు, చూలు కట్టకపోవడానికి ఇదొక కారణం.

దారిలో సంతలో బాగుందని బతికిన కోడిని మాత్రం కొనుక్కుని పోకండి. పైకి బాగానే కనిపించే కోడి కొక్కెర తెగులు మోసుకొస్తుంది. నాలుగైదు రోజుల్లో ఇంటి నాటుకోళ్లన్నీ మెడలు వంకర పోయి చచ్చిపోతాయి. కూరకే కావాలంటే కోయించుకుని మాంసం తీసుకుపోండి.

ఇక పండుగ పూట చుట్టాల వల్ల పసులకు జరిగే అతి పెద్ద చేటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మిగిలిన అన్నం, పరమాన్నం, అరిసెలు, సకినాల పిండి, గారెల పిండి అన్నీ ప్రేమతో తెచ్చి బర్రె ముందు పోస్తారు. కనుమనాడు పసులకు నైవేద్యం పెట్టే ఆచారం ఉన్నదే. ఇంటి పెద్ద పిడికెడు పెడితే ఏమీ కాదు. కానీ ఇంట్లో పదిమంది ఉంటే పదిమందీ ఎవరికి వారు పెడతారు, పిల్లలు బకెట్టుతో పోస్తారు. నెమరువేసే జంతువు పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. మెత్తటి పిండి పదార్థం ఒక్కసారిగా పడితే వేరే జాతి సూక్ష్మజీవులు చెలరేగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి, పొట్ట పులిసిపోతుంది, గడ్డిని అరిగించేవి చచ్చిపోతాయి. ఒంట్లోని నీళ్లు పొట్టలోకి లాగేస్తుంది. కొన్ని గంటల్లో నెమరు ఆగుతుంది. పళ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, పుల్లటి వాసనతో పలచటి పెండ వేస్తుంది. ఎక్కువ తిన్నదైతే ఒకటి రెండు రోజుల్లో కూలబడి లేవదు. గొర్రెల్లో ఇంకా తొందర. అలవాటు లేని గొర్రెకు అర కిలో మక్కలు తినిపించినా ప్రమాదమే. పైగా పిండి పదార్థం ఎక్కువైతే పేగుల్లో విషం పుట్టి చిటుక రోగం వస్తుంది. సాయంత్రం ఎగిరి దుంకిన గొర్రెపిల్ల తెల్లారేసరికి చచ్చి ఉంటుంది, అదీ మందలో బాగా బలిసిన పిల్లే.

కాబట్టి పెట్టేది ఒక్క మనిషి చేతి మీదుగానే జరగాలని వెళ్లిన రోజే అనుకోండి. పిల్లలకు తినిపించాలని ఉంటే పచ్చి జొన్న చొప్ప, సూపర్ నేపియర్ గడ్డి, సుబాబుల్ కొమ్మలు చేతికివ్వండి. అవి కూడా చిన్నాయన కోసిచ్చినవే, ఎందుకంటే లేత జొన్నలో విషం ఉండే దశ ఉంటుంది, అది ఆయనకు తెలుసు. పొరపాటున ఎక్కువ తిన్నదని తెలిస్తే దాచకండి. ఏం తిన్నది, ఎంత, ఎన్ని గంటలకు అని రాసిపెట్టుకుని పశువుల డాక్టరుకు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. అప్పటిదాకా దాణా మొత్తం ఆపి ఎండు వరిగడ్డి మాత్రం ముందర వేయాలి. పడుకున్న జంతువు నోట్లో నూనె, సోడా నీళ్లు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి దాంతోనే చస్తుంది.

ప్లాస్టిక్ కవర్లు కూడా అంతే. ఉప్పగా, తియ్యగా ఉన్న కవరును బర్రె వదలదు, అది పొట్టలోంచి బయటికి రాదు. కారు దిగగానే ఒక పాత బస్తా గుంజకు కట్టి చెత్తంతా అందులోనే వేయండి, పోయేటప్పుడు ఆ బస్తా మీతోనే తీసుకుపోండి. గాలిపటాలకు నూలు దారమే తీసుకోండి. నైలాన్ చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. మేతలో పడ్డ మాంజా గొర్రె కాలికి చుట్టుకుంటే రెండు రోజుల్లో చర్మం కోసుకుని లోపలికి దిగిపోతుంది, ఉన్ని కింద కనపడదు. గాలిపటాలు ఎగరేసేది కరెంటు తీగలు లేని చెల్కలోనే.

పిల్లలకు ఇంట్లోనే, బయలుదేరకముందే నేర్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పసుల వెనక నుంచి పోవద్దు. ఆవు, బర్రె తన్నితే కాలు ముందుకు, పక్కకు కూడా తిరుగుతుంది, కాబట్టి పక్క నుంచి పోయినా డొక్క దగ్గర ఆగొద్దు. ముందు మాట వినిపించి, అది తల తిప్పి చూశాక భుజం వైపు పోవాలి. తలుగు తాడును చేతికి చుట్టుకోవద్దు, బెదిరి గుంజితే వేళ్లు పోతాయి. కొత్తగా ఈనిన బర్రెకు, దూడకు మధ్య నిలబడొద్దు. పొట్టేలు నుదుటి మీద చెయ్యి పెట్టి నెట్టే ఆట అసలు వద్దు. పిల్లలకు అది సరదా, పొట్టేలుకు అది పోట్లాటకు పిలుపు. నాలుగు రోజులు ఆ ఆట ఆడితే ఐదోనాడు వంగి నీళ్లు తోడే చిన్నమ్మను వెనక నుంచి పొడుస్తుంది. పిల్లలు పెట్టిన కోడి కూడా ఐదేళ్ల పాప ముఖం ఎత్తుకు ఎగురుతుంది, కళ్ల మీదికి.

కుక్కకు రేబిస్ టీకా వేయించారో లేదో ఫోన్‌లోనే అడగండి. అది తింటున్నప్పుడు, దానికి కుక్కపిల్లలున్నప్పుడు, గొలుసుతో ఉన్నప్పుడు దగ్గరికి పోవద్దు. కరిచినా, గీరినా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టాలి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేట్టు కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాలి. సగం టీకాలు బాయికాడ, సగం హైదరాబాద్‌లో వేయించుకోవచ్చు, చీటీ మాత్రం భద్రంగా పెట్టుకోండి.

పసుల కన్నా నాకు ఎక్కువ భయం నీళ్లు, కరెంటు, మందుడబ్బాల దగ్గర. పాత మోటబాయిలకు చాలాచోట్ల గోడ ఉండదు, అంచున గడ్డి మొలిచి నేల ఎక్కడ అయిపోయిందో కనపడదు. ఫాం పాండ్ (పొలంలో నీళ్లు నిలవ చేసుకునే గుంట) చూడడానికి లోతు లేనట్టు, స్విమ్మింగ్ పూల్ లాగా ఉంటుంది. అడుగున, గోడలకు పరిచిన ప్లాస్టిక్ పట్టా నాచుపట్టి జారుతుంది. పడ్డ పిల్లలే కాదు, ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా ఎక్కలేరు. అక్కడ ఉన్నట్టయితే వెళ్లిన రోజే గట్టు మీది చెట్టుకో గుంజకో ముడులేసిన మందపాటి తాడు కట్టి నీళ్లలోకి వదలండి. ఇది అరగంట పని, చిన్నాయన కూడా సంతోషిస్తాడు. మోటరు స్టార్టర్ డబ్బా దగ్గరికి పిల్లలు పోవద్దు. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడు మోటరు దానంతటదే తిరుగుతుంది, ఆగి ఉందని ఎవరూ ముట్టుకోవద్దు. చీకటి పడ్డాక ఒడ్ల మీద మీ అంతట మీరు నడవకండి. అడవిపందుల కోసం మక్కచేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, అడవి పక్క ఊళ్లలో దానివల్ల మనుషులు పోయారు.

జనవరి అంటే మిర్చికి మందుల కాలం. నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి పిచికారీలు ఇంకా పెరిగాయి. ఎర్రగా చపాటా రకం మిర్చికాయ కనపడగానే పిల్లలు తెంపి అదే చేత్తో కళ్లు తుడుచుకుంటారు, నోట్లో పెట్టుకుంటారు. ఏ మడికి ఎప్పుడు కొట్టారో అడిగి, ఆ మళ్ల వైపు పోకుండా చూడండి. ఇంకా పెద్ద ప్రమాదం, మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాల్లో పోసి కొట్టంలో పెట్టడం. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడు లేదు, ఒక గుక్క చాలు. చుట్టాల ఇల్లు సర్దమని చెప్పడానికి మొహమాటం వద్దు. “చిన్నమ్మా, పిల్లలు వస్తున్నారు, మందులన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేయిపిస్తావా” అని వారం ముందే అడగండి.

ఇంట్లో పత్తి రాశి పోసి ఉంటే పిల్లలు దాని మీద దుంకకుండా చూడటం మీ బాధ్యత. చూడగానే పరుపు లాగా ఉంటుంది, కానీ చిన్నపిల్ల తలకిందులుగా కూరుకుపోతే ఊపిరాడదు. పత్తికీ నష్టమే. చాక్లెట్ కాగితాలు, వెంట్రుకలు, దారాలు కలిస్తే కొనేవాళ్లు చూపించి రేటు తగ్గిస్తారు. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ (సీసీఐ) ఎనిమిది శాతం తేమకు పూర్తి మద్దతు ధర కట్టి, పన్నెండు దాటితే కొనదు, కాబట్టి ఆ గదిలో తడి బట్టలు ఆరేయొద్దు. అగ్గిపెట్టె, సిగరెట్టు అటువైపే వద్దు. భోగిమంట గాలి గడ్డివాము, పత్తి వైపు వీచే చోట కాకుండా, దూరంగా, పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకుని వేయండి.

పాలు పిండిన వెంటనే గోరువెచ్చగా తాగితే బలమని పెద్దలెవరైనా పిల్లలకు గ్లాసు అందిస్తారు. తీసుకోకండి. పచ్చిపాలతో బ్రూసెల్లా అనే జ్వరం వస్తుంది, నెలల తరబడి కీళ్ల నొప్పులు, చెమటలతో వచ్చిపోతుంటుంది. పొంగు వచ్చేదాకా కాచితే చాలు. జున్ను మీద ఆశ ఉంటే ముందు దూడ తాగిందా అని అడగండి. ముప్పై కిలోల దూడకు మొదటి రోజు మూడు లీటర్ల జున్నుపాలు, అందులో మొదటి దఫా పుట్టిన రెండు గంటల్లోపే పడాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి తల్లి కడుపులో రాదు, ఆ పాలతోనే వస్తుంది. మిగిలితేనే మీకు. మీలో ఎవరైనా గర్భంతో ఉంటే ఈనే గొర్రెల దగ్గరికి, ఈసుకుపోయిన వాటి దగ్గరికి పోవద్దు.

మాంసం విషయం కూడా ఒక మాట. పండుగకు యాటను కోస్తారు. ఎముకతో మనిషికి పావు కిలో లెక్కన ఇరవై మందికి ఐదు కిలోలు సరిపోతుంది, ఇరవై ఐదు కిలోల యాటకు పన్నెండు కిలోల దాకా మాంసం దిగుతుంది. అందుకే పక్కింటితో వాటా కలుపుకుంటే నయం. కోసేది పిల్లలు చూడాలా వద్దా అనేది మీరు ముందే అనుకోండి, అప్పటికప్పుడు కాదు. ఉన్నట్టుండి చచ్చిపోయిన గొర్రెను మాత్రం ఎవరు కోసినా తినొద్దు. ముక్కు, వెనక భాగం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ రోగం, ఆంత్రాక్స్. 2021లో నర్సంపేట పక్కనే దుగ్గొండి మండలంలో గొర్రెలకు వచ్చింది. కోస్తేనే దాని విత్తులు నేలలోకి పోయి ఏళ్ల తరబడి బతుకుతాయి. ముట్టుకోకుండా 1962కు చెప్పాలి.

అత్తమ్మ కొట్టం దగ్గరికి ఉత్త కాళ్లతో పోకూడదు. షుగరున్న పాదానికి తుమ్మ ముల్లు దిగినా తెలియదు. మూసి ఉన్న చెప్పులు, మేజోళ్లు, రోజూ రాత్రి పాదాలు చూడటం. ఇన్సులిన్ వాడుతుంటే ఈ చలిలో ఫ్రిజ్ లేకున్నా వాడుతున్న సీసా ఐదు రోజులు నీడలో ఆగుతుంది, ఎండలో కారులో వదలొద్దు. సకినాలు, అరిసెలు రెండూ బియ్యప్పిండే అని ఆమెకు తెలిసినా చిన్నమ్మ బలవంతం చేస్తుంది, ఆ మాట మీరు చెప్పాలి. ఆయాసం ఉన్నవాళ్లెవరైనా ఉంటే వరిగడ్డి కదిలించే టైములో దూరంగా ఉండాలి, పీల్చే మందు పంపు (ఇన్‌హేలర్) సంచిలోనే ఉండాలి. పడుకునేది మంచం మీదే, దోమతెర అంచులు పరుపు కింద మడిచి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది, కాటు నొప్పి కూడా తెలియదు. పాము కాటైతే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కాలుచెయ్యి కదలకుండా 108లో నేరుగా విరుగుడు మందున్న పెద్ద దవాఖానకు పోవాలి, అవసరమైతే వరంగల్ ఎంజీఎం దాకా.

పని చేస్తామంటే ఒక్క పని పట్టుకుని ఐదు రోజులూ అదే చేయండి. రోజుకో పని చేస్తే మీకు చూపించడానికే వాళ్ల టైము పోతుంది. పెద్దవాళ్లకు రెండు పూటలా నీళ్ల తొట్టి నింపడం మంచిది, పాలిచ్చే బర్రె చలికాలంలోనూ రోజుకు యాభై అరవై లీటర్లు తాగుతుంది. బాబుకు కోళ్ల గూడు తలుపు సాయంత్రం వేసి పొద్దున తీసే పని, లెక్కతో సహా. పాపకు గుడ్లు ఏరడం. వంటింట్లో ఒక పూట పూర్తిగా మీరే తీసుకోండి, అది పొద్దున టిఫిన్ అయితే చిన్నమ్మకు అన్నింటికన్నా ఆసరా.

పాకాల చెరువు దగ్గరే. 1213 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టింది. పది నుంచి మూడు మధ్య చూసి రావచ్చు, నీళ్లలోకి దిగొద్దు. ఐనవోలు మల్లన్న జాతర కూడా సంక్రాంతికే మొదలవుతుంది. గొర్లకాపర్ల దేవుడు, కాబట్టి చిన్నాయన వాళ్లకు పోవాలనే ఉంటుంది. పొద్దుటి పాలు పోశాక వాళ్లను మీ కారులోనే తీసుకుపోయి నాలుగులోపు తీసుకురండి. మీలో ఒకరు ఇంటి దగ్గర ఉండి నీళ్లు, గడ్డి చూసుకోండి.

వచ్చేటప్పుడు మేత ప్రాంతంలో తిరిగిన పిల్లలను స్నానం చేయించి చెవి వెనక, చంకల్లో, గజ్జల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, కిరోసిన్ పోయొద్దు. చెప్పులకు అంటిన పెండ అక్కడే కడగండి. తర్వాత మూడు వారాల్లో ఎవరికైనా తగ్గని జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు లాంటి మచ్చ ఉందేమో చూసి, “పొలాల్లో, గొర్రెల దగ్గర ఉండి వచ్చాం” అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. అది స్క్రబ్ టైఫస్ (పొదల్లో, గడ్డిలో ఉండే సన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కావచ్చు, దానికి చవకైన మందు ఉంది, ఆ మాట చెప్పకపోతేనే ఆలస్యమవుతుంది.